రెండు వేల పదాలు వచ్చినా ప్యాసేజీ ఎందుకు అంతుపట్టడం లేదు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. తెలుగు మాధ్యమంలో బీఎస్సీ చేశారు. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాల ఐబీపీఎస్ పీఓ పరీక్షకూ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కూ కలిపి చదువుతున్నారు. రెండు వేల పదాల పీడీఎఫ్ ఒకటి కంఠతా పట్టారు, రోజూ ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం ముందు గంటసేపు కూర్చుంటున్నారు. అయినా మాక్ టెస్టులో (నమూనా పరీక్షలో) రీడింగ్ కాంప్రహెన్షన్ (ప్యాసేజీ చదివి ప్రశ్నలకు జవాబులివ్వడం) దగ్గరికి వచ్చేసరికి సమయం చాలడం లేదు, పెట్టిన జవాబుల్లో సగం తప్పుతున్నాయి. ఇంకో రెండు వేల పదాలు నేర్చుకోవాలా, ముందు ప్యాసేజీ చదవాలా లేక ప్రశ్నలా, ఏ పుస్తకం కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ అభ్యర్థులకు చాలా ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఇంకో రెండు వేల పదాలు వద్దు. "ప్రతి పదానికీ అర్థం తెలుసు, కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాను" అని మీరే రాశారు. అంటే మీకు పట్టు చిక్కనిది పదం మీద కాదు, వాక్యం మీద.

తెలుగులో వివరణంతా నామవాచకానికి ముందే వచ్చేస్తుంది, క్రియ చివర వస్తుంది. "వానలు పడని ఏడాది బ్యాంకులో అప్పు చేసిన రైతులు వడ్డీ మాఫీ చేయమని ప్రభుత్వాన్ని కోరారు" అంటాం. ఇదే సంగతిని ఇంగ్లీషు వరుసలో పేరిస్తే ఇలా ఉంటుంది: "రైతులు, ఎవరైతే చేశారో అప్పు బ్యాంకులో, ఏ ఏడాదైతే పడలేదో వానలు, కోరారు ప్రభుత్వాన్ని, మాఫీ చేయమని వడ్డీ." కర్త మొదట్లో ఉంది. దాని క్రియ "కోరారు" ఎక్కడో దూరాన ఉంది. ఆ రెంటి మధ్య "చేశారు", "పడలేదు" అని వేరే క్రియలు రెండు అడ్డం వచ్చాయి. తెలుగులో చదువుకున్నవారు చాలామంది మొదటి క్రియ కనబడగానే వాక్యం అక్కడికి అయిపోయిందనుకుంటారు. మిగతాది ఎవరి గురించో తెలియక మళ్ళీ మొదటికి వెళతారు. మీకు సమయం చాలకపోవడానికి అసలు కారణం ఈ వెనక్కి వెళ్ళడమే. మీరు నెమ్మదిగా చదవడం లేదు, ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదువుతున్నారు.

దీనికి మందు ఒకటే. రోజుకు ఐదారు పొడవాటి వాక్యాలు తీసుకోండి. ఒక్కోదానిలో కర్త ఏది, దాని సొంత క్రియ ఏది అని వెతికి కాగితం మీద ఆ రెండే రాయండి. హూ, విచ్, దట్, వేర్ అనే మాటలతో మొదలయ్యే ముక్కలనూ, రెండు కామాల మధ్య ఇరుక్కున్న ముక్కలనూ మొదటి చదువులో పక్కన పెట్టండి. కర్త, క్రియ అనే ఎముక దొరికాక ఆ ముక్కలను ఒక్కొక్కటిగా అతికించుకుంటూ, మొత్తాన్ని తెలుగులో మీ సొంత మాటల్లో పైకి చెప్పండి. అనువాదం అందంగా ఉండనక్కరలేదు, మీ ఇంట్లో వాళ్ళకు అర్థమైతే చాలు. తెలుగులో అనుకోకూడదు, నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచించాలి అని కొందరు శిక్షకులు చెబుతారు. మాట్లాడటం నేర్చుకునేవారికి ఆ సలహా బాగుంటుందేమో గానీ, చదివింది బుర్రకెక్కిందో లేదో తేల్చుకోవడానికి మాతృభాషను మించిన గీటురాయి లేదు. కొన్ని వారాలు గడిచాక ఆ అవసరం దానంతటదే తగ్గుతుంది.

వాక్యాన్ని తలకిందులు చేసే చిన్న మాటలు కొన్ని ఉన్నాయి. మీ రెండు వేల పదాల్లో అవి ఉండవు, ఎందుకంటే అవి "కష్టమైన" పదాలు కావు. "ఎ ఫ్యూ" అంటే కొందరు. ముందున్న "ఎ" తీసేస్తే దాదాపు ఎవరూ లేరని అర్థం. "లిటిల్" కూడా అంతే. "హార్డ్లీ" చూడగానే కష్టపడి అనుకుంటారు. దాని అర్థం దాదాపు లేనే లేదని. "ఫార్ ఫ్రమ్" వచ్చినచోట దూరం గురించి మాట్లాడటం లేదు, అస్సలు కాదని చెబుతున్నారు. "అన్‌లెస్" లోపలే ఒక "లేకపోతే" దాగి ఉంది కాబట్టి దాని తరువాత మరో "కాదు" వస్తే రెండూ కలిపి లెక్క కట్టాలి. "అల్దో"తో మొదలైన వాక్యంలో రచయిత అసలు మాట కామా తరువాతే ఉంటుంది. ఇలాంటివి నలభై యాభైకి మించవు. రెండు వేల పదాల మీద పెట్టిన శ్రమలో పదోవంతు వీటి మీద పెట్టినా మార్కుల్లో తేడా కనబడుతుంది.

ఇక ఏం చదవాలన్నది. ఇంగ్లీషు సంపాదకీయాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పోటీ పరీక్షలనగానే మొదటి రోజే సంపాదకీయం చేతికివ్వడం మన కోచింగుల అలవాటు, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో అయినా నంద్యాలలో అయినా. ఆరో మెట్టు మీద కాలు పెట్టమని చెప్పి, మొదటి ఐదు మెట్ల సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ మెట్లు మన దగ్గరే ఉన్నాయి, అదీ ఉచితంగా. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు ముద్రించాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. ఏడు, ఎనిమిది తరగతుల సాంఘికశాస్త్రం దొరికితే తీసుకోండి. మీ ఊరి బడిలో కూడా అడిగి చూడండి. ముందు ఇంగ్లీషు పేజీ చదివి, అర్థమైనది చెప్పుకుని, తరువాతే తెలుగు పేజీతో పోల్చుకోండి. డిగ్రీ చదివి ఎనిమిదో తరగతి పుస్తకం పట్టుకోవడమేమిటని సిగ్గుపడేవారున్నారు. ఆ సిగ్గు పరీక్ష హాల్లో పడేదానికంటే ఇంట్లో పడటం నయం. పైగా జనరల్ స్టడీస్‌కు కూడా అది పనికొస్తుంది.

ఆ తరువాతి మెట్టు పత్రికా సమాచార కార్యాలయం, అంటే పీఐబీ విడుదల చేసే ప్రకటనలు. కేంద్ర ప్రభుత్వ నిర్ణయాలు చాలావరకు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ దొరుకుతాయి. పథకాలు, కేటాయింపులు, ఒప్పందాల తాలూకు పదజాలమంతా అందులో ఉంటుంది. భాష చప్పగా ఉంటుంది, వాదన ఉండదు. అందుకని అక్కడే ఆగిపోకూడదు.

వాదన ఉన్న రచనకు వచ్చేటప్పుడు, తెలిసిన విషయంతో మొదలుపెట్టండి. రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ దాదాపు రెండు నెలలకోసారి సమావేశమై రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ) మీద నిర్ణయం ప్రకటిస్తుంది. ఆ మర్నాడు తెలుగు పత్రికలూ ఇంగ్లీషు పత్రికలూ దాని గురించి రాస్తాయి. ముందు తెలుగులో చదవండి. ద్రవ్యోల్బణం, వృద్ధిరేటు, రుణాల వాయిదాలు ఇవన్నీ మనసులో కుదురుకున్నాక ఇంగ్లీషు వ్యాసం తెరవండి. విషయం తెలిసి ఉంటే తెలియని పదం కూడా తన అర్థం తానే చెబుతుంది. బ్యాంకు పరీక్షల ప్యాసేజీల్లో ఆర్థిక విషయాలు ఎక్కువగా వస్తాయి కాబట్టి ఈ శ్రమ వృథా పోదు. అప్పుడు కూడా రోజుకు మూడు వ్యాసాలు పైపైన చదవడం కంటే ఒకే వ్యాసాన్ని మూడుసార్లు చదవండి: ఒకసారి సారాంశం కోసం, ఒకసారి వాక్యాల కోసం, ఒకసారి పదాల కోసం.

జవాబులు సగం తప్పుతున్నాయన్నారు కదా, అది వేరే రోగం. ప్యాసేజీ అర్థమైనవారూ అక్కడ బోల్తా పడతారు. ఒక నమూనా చూపిస్తాను. ఇంగ్లీషులో ఇలాంటి ప్యాసేజీ వచ్చిందనుకోండి. దాని సారం తెలుగులో ఇస్తున్నాను.

"వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇవ్వడం వల్లే భూగర్భ జలాలు అడుగంటాయని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. మీటర్లు పెట్టి వాడకాన్ని బట్టి వసూలు చేస్తే రైతు నీటిని పొదుపుగా వాడతాడన్నది వారి వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే బోరు తవ్వడానికి చేసిన అప్పు ముందు కరెంటు బిల్లు చిన్నది. వరికి ఉన్న కొనుగోలు హామీ మిగతా పంటలకు లేనంత కాలం, బిల్లు కట్టవలసి వచ్చినా రైతు వరే వేస్తాడు. ఆ విధానాన్ని మార్చకుండా మీటర్లు మాత్రమే పెడితే భారం పెరుగుతుంది తప్ప నీటి వాడకం పెద్దగా తగ్గదు."

రచయిత ప్రధాన అభిప్రాయం ఏమిటన్నది ప్రశ్న. ఐదు ఐచ్ఛికాలు ఇలా ఉంటాయి. ఒకటి, ఉచిత విద్యుత్తే భూగర్భ జలాల క్షీణతకు కారణం. రెండు, మీటర్ల వల్ల నీటి వాడకం ఏమాత్రం తగ్గదు. మూడు, ఉచిత విద్యుత్తు రాజకీయ ప్రయోజనం కోసం తెచ్చిన పథకం. నాలుగు, బోర్ల కోసం రైతులు అప్పుల పాలవుతున్నారు. ఐదు, పంటల కొనుగోలు విధానం మారకుండా మీటర్లు ఒక్కటే ఆశించిన ఫలితం ఇవ్వవు.

మొదటిది ప్యాసేజీలో ఉన్న మాటే, కానీ రచయితది కాదు, అతను ఎవరిని ఖండిస్తున్నాడో వాళ్ళది. వ్యాసం మొదటి వాక్యంలోనే కనబడటం వల్ల తొందరలో చాలామంది దీన్నే పెడతారు. "కొందరు అంటారు", "సాధారణంగా నమ్ముతారు" అని మొదలైతే, రచయిత దాన్ని కాదనబోతున్నాడని చాలాసార్లు ముందే పసిగట్టవచ్చు. రెండోది దాదాపు సరైనదే. కానీ ప్యాసేజీలో "పెద్దగా తగ్గదు" అని ఉంటే ఇక్కడ "ఏమాత్రం తగ్గదు" అయింది. ఇంగ్లీషులో ఆల్, ఓన్లీ, నెవర్, ఎంటైర్లీ లాంటి మాటలు ఐచ్ఛికంలో కనబడితే, అంత గట్టిగా ప్యాసేజీలో ఉందా అని వెనక్కి వెళ్ళి చూడాలి. నాలుగోది నిజం, ప్యాసేజీలో ఉంది, కానీ అది వాదనలో ఒక చిన్న ఆధారం మాత్రమే, ప్రధానాంశం కాదు.

మనవాళ్ళను ఎక్కువగా ముంచేది మూడోది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం ఎలా పడిందో గ్రూప్స్ చదివిన ప్రతివారికీ తెలుసు. తెలిసిన సంగతి కనబడగానే చేయి అటే పోతుంది. కానీ ప్యాసేజీలో రాజకీయం ఊసే లేదు. జనరల్ స్టడీస్‌లో మిమ్మల్ని గెలిపించే జ్ఞానమే ఇక్కడ మీకు శత్రువు. ప్రతి జవాబుకూ "ఇది ఏ వాక్యంలో ఉంది?" అని మిమ్మల్ని మీరు నిలదీసుకోండి. వేలు పెట్టి చూపించలేకపోతే అది జవాబు కాదు. ఇక్కడ వేలు పెట్టి చూపించగలిగేది ఐదోది, ప్యాసేజీ చివరి వాక్యంలో ఉంది. అదే జవాబు.

అదే ప్యాసేజీ మీద, ఆర్థికవేత్తల వాదన పట్ల రచయిత వైఖరి ఏమిటని అడిగితే? పూర్తి వ్యతిరేకత అని పెడితే తప్పు. "కొంత నిజం లేకపోలేదు" అన్న చిన్న వాక్యం దానికి అడ్డుపడుతుంది. సరైన ఐచ్ఛికంలో "క్వాలిఫైడ్" అన్న మాట ఉండవచ్చు. అక్కడ దాని అర్థం అర్హత పొందిన అని కాదు, షరతులతో కూడిన అని.

ఈ మాటతో పదజాలం సంగతికి వచ్చాం. పరీక్షలో మిమ్మల్ని దెబ్బతీసేవి ఎప్పుడూ వినని పదాలు కావు. తెలుసుననుకుని మీరు దాటిపోయే పదాలు. లోను "సాంక్షన్" అయిందంటే మంజూరైందని పల్లెలో కూడా చెబుతారు. ఇరాన్ మీద "సాంక్షన్స్" అంటే మంజూరు కాదు, ఆంక్షలు. "అడ్రెస్" అంటే చిరునామా. సమస్యను అడ్రెస్ చేయడమంటే దాని పరిష్కారానికి పూనుకోవడం. రూపాయి "అప్రిషియేట్" అయిందంటే దాన్ని ఎవరో మెచ్చుకున్నారని కాదు, విలువ పెరిగిందని. ఒక అభిప్రాయం "కరెన్సీ" పొందిందంటే ప్రచారంలోకి వచ్చిందని. ఒక అవకాశాన్ని "డిస్కౌంట్" చేయడమంటే కొట్టిపారేయడం. "ఓవర్‌సైట్" ఒకచోట పర్యవేక్షణ, మరోచోట పొరపాటున వదిలేయడం. మన పార్లమెంటులో బిల్లును "టేబుల్" చేశారంటే సభ ముందు పెట్టారని. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పీడీఎఫ్‌లో వీటికి చోటుండదు, ఎందుకంటే ఇవి చూడటానికి సులభంగా ఉంటాయి.

కొత్త పదాన్ని ఒంటరిగా, ఎదురుగా ఒక తెలుగు అర్థంతో రాసుకోవడం మానేయండి. అది ఏ మాటలతో కలిసి తిరుగుతుందో వాటితో రాసుకోండి. "డిస్‌పెల్" (పోగొట్టడం) తరువాత అనుమానాలు, వదంతులు, అపోహలు వస్తాయి. "క్వెల్" (అణచివేయడం) తరువాత అల్లర్లు, తిరుగుబాటు. "ఇన్‌ఫ్లిక్ట్" (కలిగించడం) తరువాత నష్టం, గాయం. "అలే" (తగ్గించడం) తరువాత భయాలు, ఆందోళనలు. ఈ జతలు తెలిసినవారు క్లోజ్ టెస్టులో (పేరాలో ఖాళీలు పూరించే ప్రశ్నలో) ఖాళీ దగ్గర ఆగరు. అర్థాలు మాత్రమే తెలిసినవారు రెండు ఐచ్ఛికాల మధ్య నలుగుతూ ఉంటారు. ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసమే తయారైన లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో అర్థం కంటే ఉదాహరణ వాక్యాలనే ముందు చూడండి. రాసుకున్నదాన్ని మర్నాడు, వారం తరువాత, నెల తరువాత తిరగేయాలి. తిరగేసేటప్పుడు అర్థం కప్పేసి వాక్యం చూసి చెప్పాలి.

ధాతువులు, ఉపసర్గలు పనికొస్తాయి, కొంతవరకే. "క్రెడ్" అంటే నమ్మకమని తెలిస్తే క్రెడిబుల్, క్రెడెన్స్, డిస్‌క్రెడిట్, ఇన్‌క్రెడ్యులస్ ఒక గుంపుగా వస్తాయి. కానీ "ఇన్" ఉన్నచోటల్లా వ్యతిరేకార్థం అనుకుంటే "ఇన్‌వాల్యుబుల్" దగ్గర పప్పులో కాలేస్తారు. అది విలువలేనిది కాదు, వెలకట్టలేనిది.

మీరు రెండు పరీక్షలకూ కలిపి చదువుతున్నారు కాబట్టి ఒక తేడా గమనించండి. ఎస్‌ఎస్‌సీలో పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, జాతీయాలు, ఏకపద ప్రత్యామ్నాయాలు విడిగా అడుగుతారు, పాత పేపర్లలోని పదాలు తిరిగి తిరిగి వస్తాయి. అక్కడ మాత్రం బట్టీ పట్టడం దండగ కాదు. కానీ ఎవరో చేసిన జాబితా కాదు, గత ప్రశ్నపత్రాల నుంచి మీరు ఏరుకున్నది. సీజీఎల్ రెండో దశలో మెరిట్‌కు లెక్కపెట్టే 390 మార్కుల్లో 135 ఇంగ్లీషువే: 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. లెక్కలు బాగా వచ్చినవారు కూడా వెనకబడేది ఇక్కడే. బ్యాంకు పరీక్షల్లో పదాన్ని వాక్యంలో పెట్టి అడగడం ఎక్కువ, కాబట్టి పైన చెప్పిన జతలే దిక్కు.  

ప్యాసేజీ ముందా, ప్రశ్నలు ముందా అన్నదాని మీద ఇంత వాదన ఎందుకో నాకు అర్థం కాదు. ప్రశ్నలను మాత్రం ఒక చూపు చూడండి, ఐచ్ఛికాల జోలికి పోకండి. ఐదు ప్రశ్నలకు ఐదేసి ఐచ్ఛికాలు ముందే చదివితే పాతిక వాక్యాలు తలలో తిరుగుతూ ఉంటాయి, అందులో ఇరవై అబద్ధాలు. తరువాత మొదటి పేరా పూర్తిగా, నిదానంగా చదవండి. మిగతా పేరాల్లో హౌఎవర్, యెట్, బట్ వచ్చినచోట ఆగి చదవండి.

ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు 40 సెకన్లు. తప్పుకు పావు మార్కు పోతుంది, విభాగానికి విడిగా కటాఫ్ ఉంది. మీ స్థాయిలో ఉన్నవారికి నేను చెప్పేది, క్లోజ్ టెస్టు, తప్పులు గుర్తించడం, ఖాళీలు పూరించడం ముందు ముగించి, కనీసం ఎనిమిది నిమిషాలు ప్యాసేజీకి మిగుల్చుకోమని. మొదటే ప్యాసేజీ పట్టుకుని అందులో మునిగిపోతే సులభమైన పది మార్కులు చివర్లో చూడకుండానే పోతాయి. పదాల అర్థం అడిగే ప్రశ్నలకు ప్యాసేజీ మొత్తం అక్కరలేదు, ఆ పదం ముందు వాక్యం, వెనక వాక్యం చాలు. సమయం లేకపోయినా అవి వదలకండి.

అభ్యాసం తెర మీద చేయండి. పరీక్షలో ప్యాసేజీ తెరకు ఎడమవైపు, ప్రశ్న కుడివైపు ఉంటుంది. పెన్సిల్‌తో గీతలు గీయడం కుదరదు. కాగితం మీద గీతలు గీసుకుంటూ అలవాటు పడినవారు అక్కడ చేతులు కట్టేసినట్టు ఇబ్బంది పడతారు. పేరాకు రెండు మూడు మాటలు రఫ్ కాగితం మీద రాసుకోవడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి, అదీ తెలుగులోనే. "ఆర్థికవేత్తలు – మీటర్లు", "అయితే – వరి హామీ" అని రాసుకుంటే చాలు, వెనక్కి వెళ్ళవలసినప్పుడు ఎటు వెళ్ళాలో తెలుస్తుంది.

పుస్తకం కొనవద్దు. గత కొన్నేళ్ళ ప్రశ్నపత్రాలు, ఒక మాక్ టెస్టుల సిరీస్ చాలు. ప్రతి మాక్ తరువాత తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి: పదం తెలియలేదా, వాక్యం విడదీయలేకపోయారా, ఐచ్ఛికంలో "అస్సలు" లాంటి మాట గమనించలేదా, సొంత జ్ఞానం కలిపారా. నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చూసి, తరువాతి నెల గంటసేపటి అభ్యాసంలో సగం దానికే ఇవ్వండి. మీ విషయంలో మొదటి నెల అది వాక్యమే అవుతుందని నా అంచనా. రెండో నెలలో ఐచ్ఛికాలు అవుతాయి.